తప్పు చేస్తే ఏ బండి ఓర్చుకుంటుంది?

స్ప్లెండర్ ప్లస్, క్లాసిక్ 350: కొత్తగా నేర్చుకునేవారి వైపు నుంచి ఒక తులన

ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళు ఉంటే బండి మాట రాక తప్పదు. తండ్రి స్ప్లెండర్ అంటాడు. కొడుకు బుల్లెట్ అంటాడు. తండ్రి మైలేజీ లెక్క చెబుతాడు, కొడుకు ఫోన్‌లో ఫొటో చూపిస్తాడు, తల్లి రెండూ వద్దంటుంది. ఆ వాదనలో ధర వస్తుంది, పరువు వస్తుంది, పక్కింటివాళ్ళు ఏం కొన్నారన్నదీ వస్తుంది. రావలసిన ఒక్క ప్రశ్న మాత్రం తరచుగా రాదు. చేయి ఇంకా తిరగనివాడు తప్పు చేసినప్పుడు ఆ బండి ఏం చేస్తుంది?

కొత్తవారి తప్పులు అందరికీ తెలిసినవే. క్లచ్ ఒక్కసారిగా వదిలేస్తారు. ఏ గేరులో ఉన్నామో చూడడానికి తల కిందికి దించుతారు. హ్యాండిల్ పక్కకు తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తారు. కుక్క అడ్డం వస్తే వెనక బ్రేకు తొక్కిపెట్టి వదలరు. ఆగేటప్పుడు కాలు దించబోయి, అక్కడ రోడ్డు పల్లంగా ఉందని అప్పుడు గమనిస్తారు. బండి నేర్చుకున్న ప్రతివారూ వీటిలో కొన్నయినా చేసినవారే. ఒక బండి మీద ఆ తప్పు నలుగురిలో సిగ్గుపడడంతో పోతుంది. ఇంకో బండి మీద కాలు విరిగేదాకా వెళ్తుంది. మొదటి బండిని ఆ తేడాతో కొలవాలన్నదే ఈ వ్యాసం వాదన.

కొలతకు రెండు కొసల్లో ఉన్న బళ్ళను తీసుకుంటున్నాను. ఒకటి హీరో స్ప్లెండర్ ప్లస్, రెండోది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350. షైన్లు, పల్సర్లు, ఎఫ్‌జెడ్‌లు ఈ రెండింటి మధ్య ఉంటాయి. కొసలు రెండూ తెలిస్తే మధ్యవాటి స్థానం దానంతటదే తేలుతుంది.

రెండు పుట్టుకలు

స్ప్లెండర్ 1994లో వచ్చింది. హీరో, హోండా జతకట్టి అప్పటికి పదేళ్ళు. ఆ జంట 1985లో తెచ్చిన సీడీ 100, పెట్రోలు తక్కువ తాగే ఫోర్ స్ట్రోక్ బండిని మన మధ్యతరగతికి అలవాటు చేసింది. స్ప్లెండర్ దాని వారసురాలే. ఇంజను 97.2 సీసీ, బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5 మిల్లీమీటర్లు. ఇవి హోండా కబ్ వంశం నుంచి వచ్చిన కొలతలు. సిలిండరు నిటారుగా ఉండదు, దాదాపు నేలకు సమాంతరంగా ముందుకు పడుకుని ఉంటుంది. కంపెనీలు విడిపోయాయి, 2011లో పేరు హీరో మోటోకార్ప్ అయింది, 2020లో కార్బురేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఇంజను కొలతలు మాత్రం మారలేదు.

క్లాసిక్ కథ వేరు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్ ఊరి కంపెనీ. బుల్లెట్ అనే పేరు 1932 నుంచి ఉంది. భారత సైన్యం గస్తీ పనికి 350 సీసీ బుల్లెట్‌ను ఎంచుకున్నాక, 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడింది. ఇంగ్లండ్ కంపెనీ తర్వాత మూతపడినా మద్రాసులో తయారీ ఆగలేదు. 1994లో సంస్థ ఐషర్ చేతికి వచ్చింది. క్లాసిక్ 2009లో పుట్టింది. ఇప్పుడు షోరూంలో ఉన్నది 2021లో పూర్తిగా కొత్త ఇంజనుతో వచ్చిన రూపం. 349 సీసీ, బోరు 72 మిల్లీమీటర్లు, స్ట్రోకు 85.8 మిల్లీమీటర్లు, సిలిండరు నిలువుగా. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. ఆ చిక్కు ఇప్పుడు లేదు. పైరూపం మాత్రం యుద్ధం తర్వాతి బ్రిటిష్ బళ్ళదే. గుండ్రటి హెడ్‌లైటు, దానికి రెండు పక్కలా చిన్న దీపాలు, బొట్టు ఆకారపు ట్యాంకు.

ఈ పుట్టుకల తేడా బళ్ళ స్వభావంలో కనిపిస్తుంది. స్ప్లెండర్ నడిపేవాడి మనసు వెళ్ళే పని మీద ఉంటుందనుకుని ఆ బండిని తయారుచేశారు. అది తన ఉనికిని గుర్తుచేయదు. క్లాసిక్‌ను తయారుచేసినవారు నడిపేవాడి మనసు బండి మీదే ఉండాలని కోరుకున్నారు. దాని శబ్దం, అదురు, బరువు అన్నీ నేనున్నానని చెబుతూనే ఉంటాయి. పాతకాపుకు అది సుఖం. కొత్తవారి సంగతి అలా కాదు. వారి ధ్యాస ఇప్పటికే క్లచ్‌కూ, గేరుకూ, అద్దానికీ, ముందున్న ఆటోకూ పంచుకుని ఉంటుంది. అందులో బండి కూడా వాటా అడిగితే రోడ్డుకు మిగిలేది తగ్గుతుంది.

బరువు

ట్యాంకులో పెట్రోలుతో సహా స్ప్లెండర్ 112 కిలోలు. క్లాసిక్ 195 కిలోలు. తేడా 83 కిలోలు. స్ప్లెండర్ మీద ఒక బొద్దుపాటి మనిషిని శాశ్వతంగా వెనక కూర్చోబెట్టుకుంటే ఎంతో, క్లాసిక్ ఖాళీగా ఉన్నా అంత.

కదులుతున్న బండికి ఈ బరువు పెద్ద ఇబ్బంది కాదు. గంటకు 40 కిలోమీటర్ల మీద క్లాసిక్ బుద్ధిగా, నిలకడగా పోతుంది. గతుకుల్లో స్ప్లెండర్ కంటే తక్కువ ఎగురుతుంది. చక్రాల మధ్య దూరం స్ప్లెండర్‌కు 1236 మిల్లీమీటర్లు, క్లాసిక్‌కు 1390. ఆ పొడవు కూడా నిలకడకు తోడవుతుంది. ఇబ్బంది అంతా బండి దాదాపు ఆగినప్పుడే. ఇరుకు సందులో యూటర్న్, గుడి ముందు పార్కింగ్‌లోంచి వెనక్కి లాగడం, పెట్రోలు బంకు వరుసలో అడుగడుగునా జరపడం, ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగడం. కొత్తవారు పడిపోయేది ఎక్కువగా ఇలాంటిచోటే. స్ప్లెండర్ పక్కకు ఒరిగితే ఒక కాలితో ఆపి నిలబెట్టవచ్చు. క్లాసిక్ ఒక హద్దు దాటి ఒరిగాక ఒక కాలు ఆపలేదు. అప్పుడు దాన్ని వదిలేసి పక్కకు జరగడమే తెలివి. ఆ తెలివి కూడా అనుభవం మీదే వస్తుంది. కొత్తవారు బండి మీద ప్రేమతో పట్టుకునే ఉంటారు, దాని కింద కాలు పెడతారు.

సీటు ఎత్తు స్ప్లెండర్‌కు 785 మిల్లీమీటర్లు, క్లాసిక్‌కు 805. కాగితం మీద రెండు సెంటీమీటర్లే. క్లాసిక్ సీటు, ట్యాంకు వెడల్పుగా ఉండడంతో కాళ్ళు బయటికి చాచాల్సి వస్తుంది, నిజమైన తేడా పెరుగుతుంది. అయిదడుగుల రెండుమూడు అంగుళాల వారికి స్ప్లెండర్ మీద పాదం ఆనేచోట క్లాసిక్ మీద మునివేళ్ళే ఆనుతాయి. 112 కిలోలను మునివేళ్ళ మీద మోయవచ్చు. 195 కిలోలతో అది జూదం. గేరు బండి నేర్చుకోవాలనుకునే ఆడపిల్లలకు ఈ లెక్క మరీ ముఖ్యం. ఎన్‌ఫీల్డే కావాలంటే అదే ఇంజనుతో 2022లో వచ్చిన హంటర్ 350 ఉంది. 181 కిలోలు, సీటు 790 మిల్లీమీటర్లు, చక్రాలు చిన్నవి. కొత్తవారి వైపు నుంచి చూస్తే ఆ కంపెనీ బళ్ళలో అది కాస్త దయగలది.

బరువు ఎక్కువైతే వేగం కూడా ప్రమాదకరంగా ఉంటుందన్న భయం మాత్రం సరైంది కాదు. యూరప్‌లో కొత్తవారికి లైసెన్సు మెట్లుమెట్లుగా ఇస్తారు. ఏ1 అనే మొదటి మెట్టులో బండి 125 సీసీ, 11 కిలోవాట్లు దాటకూడదు, కిలో బరువుకు శక్తి 0.1 కిలోవాటు మించకూడదు. తర్వాతి మెట్టు ఏ2లో 35 కిలోవాట్ల వరకూ, కిలోకు 0.2 వరకూ ఒప్పుకుంటారు. స్ప్లెండర్ శక్తి 6 కిలోవాట్ల లోపు, కిలోకు 0.053 పడుతుంది. క్లాసిక్ 15 కిలోవాట్ల దగ్గర, కిలోకు 0.076. అంటే ఇంజను సైజును బట్టి క్లాసిక్ రెండో మెట్టు బండే కానీ, కిలోకు ఎంత శక్తి అన్న లెక్కలో మొదటి మెట్టు హద్దు కూడా దాటడం లేదు. దాని పరుగు భయపడదగ్గది కాదు, జాగ్రత్తపడాల్సింది అది నిలబడినప్పుడే.

మనకు అలాంటి మెట్లు లేవు. పద్దెనిమిదేళ్ళు నిండి, గేరున్న మోటార్‌సైకిల్‌కు లైసెన్సు తీసుకుంటే 100 సీసీ బండైనా 1000 సీసీ బండైనా అదే కార్డు. చట్టం వేయని హద్దును ఇంట్లోవాళ్ళే వేసుకోవాల్సి వస్తోంది. ఆర్టీఏ టెస్టులో 8 వేయడం స్ప్లెండర్ మీద ఆటలా అయిపోతుంది. క్లాసిక్ మీద అదే 8 వేసేవారికి హాఫ్ క్లచ్ అంటే ఏమిటో బాగా తెలిసి ఉండాలి.

ఇంజను, క్లచ్, గేర్లు

ఈ విభాగంలో ఫలితం అనుకున్నట్టు రాదు. చిన్న ఇంజనే కొత్తవారికి సులువని అందరూ అనుకుంటారు. క్లచ్ విషయంలో అది సగమే నిజం.

స్ప్లెండర్ టార్క్ 8 న్యూటన్ మీటర్లు, అది 6000 ఆర్‌పీఎం దగ్గర అందుతుంది. క్లాసిక్ టార్క్ 27 న్యూటన్ మీటర్లు, అది 4000 దగ్గరే అందుతుంది. పొడుగు స్ట్రోకున్న ఇంజను కింది ఆర్‌పీఎంలోనే బలంగా లాగుతుంది. కాబట్టి క్లాసిక్ మీద క్లచ్ కాస్త తొందరగా వదిలినా, రేస్ తక్కువైనా ఇంజను వెంటనే ఆగిపోదు, మూలుగుతూనైనా కదులుతుంది. రెండో గేరులో మనిషి నడక వేగానికి తగ్గినా మళ్ళీ లాగేస్తుంది. స్ప్లెండర్‌కు ఆ ఓపిక లేదు. క్లచ్ తప్పుగా వదిలితే ఇంజను ఠక్కున ఆగిపోతుంది.

అయినా ఇక్కడ కూడా స్ప్లెండర్‌కు ఒక మార్కు ఎక్కువే వేస్తాను. స్ప్లెండర్ మీద తప్పు వెంటనే తెలుస్తుంది, దాని ఫలితం చిన్నది. బండి ఆగుతుంది, అంతే. సెల్ఫ్ నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. క్లచ్ లివర్ తేలిక కాబట్టి వందసార్లు నొక్కినా చేయి నొప్పి పుట్టదు. క్లాసిక్ తప్పును కప్పిపుచ్చుతుంది. దాని మీద నేర్చుకున్నవారికి తమ క్లచ్ చేయి సరిగ్గా లేదని చాలాకాలం తెలియకపోవచ్చు. ఆ సంగతి ఇంకో బండి ఎక్కినప్పుడు బయటపడుతుంది.

స్ప్లెండర్‌లోనూ ఒక తిరకాసు ఉంది. ఐ3ఎస్ అనే ఏర్పాటున్న బండి న్యూట్రల్‌లో కొద్ది సెకన్లు ఆగితే ఇంజను దానంతటదే ఆగిపోతుంది, క్లచ్ నొక్కగానే మళ్ళీ అందుకుంటుంది. పెట్రోలు ఆదాకు ఇది మంచిదే. సిగ్నల్ దగ్గర ఇంజను తన తప్పు వల్ల ఆగిందో, బండే ఆపుకుందో కొత్తవారికి అర్థం కాదు. నేర్చుకునే రోజుల్లో ఆ స్విచ్ ఆఫ్ చేసి పెట్టుకోవడం మంచిది.

ఇంతకంటే పెద్ద తేడా కాలి కింద ఉంది, షోరూంలో దాని గురించి ఎవరూ చెప్పరు. స్ప్లెండర్‌కు నాలుగు గేర్లు. న్యూట్రల్ నుంచి ముందుకు తొక్కుతూ పోతే ఒకటి, రెండు, మూడు, నాలుగు. తగ్గించాలంటే మడమతో వెనక తొక్కాలి. క్లాసిక్‌కు అయిదు. మొదటి గేరుకు ముందుకు తొక్కాలి, మిగతా నాలుగింటికీ కాలివేలితో పైకి లేపాలి లేదా మడమతో వెనక తొక్కాలి. అంటే ఒక బండికి గేరు పెంచే తొక్కుడు ఇంకో బండికి గేరు తగ్గించేది. నాన్న స్ప్లెండర్ మీద నేర్చుకుని క్లాసిక్ కొన్నవారు మూడో గేరులో పోతూ, నాలుగు వేస్తున్నాననుకుని ముందుకు తొక్కితే రెండో గేరు పడుతుంది. ఇంజను అరుస్తుంది, వెనక చక్రం కుదుపుతుంది, తడి రోడ్డైతే జారుతుంది. కాలికి పట్టిన అలవాటు మాటతో పోదు. ఖాళీ మైదానంలో చాలాసార్లు తిప్పాకే పోతుంది. మొదటి బండి తర్వాత ఏ బండి ఎక్కబోతున్నారో ముందే తెలిస్తే ఈ విషయం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బ్రేకులు

ఇంతవరకూ స్ప్లెండర్ ముందుంది. బ్రేకుల దగ్గర వెనకబడిపోతుంది. వెనకబడింది చిన్న విషయంలో కాదు.

మామూలు స్ప్లెండర్ ప్లస్‌కు రెండు చక్రాలకూ 130 మిల్లీమీటర్ల డ్రమ్ బ్రేకులు. టైర్లు రెండూ 80 మిల్లీమీటర్ల వెడల్పువి. వెనక బ్రేకు తొక్కితే ముందు బ్రేకు కూడా కొంత పడే ఏర్పాటు ఉంది. కొత్తవారు భయంలో వెనక బ్రేకే తొక్కుతారు, ముందు బ్రేకును మరిచిపోతారు. ఆ అలవాటును అర్థం చేసుకుని పెట్టిన ఏర్పాటు ఇది, మంచిదే. గట్టిగా తొక్కేస్తే మాత్రం చక్రం బిగుసుకుపోవడాన్ని అది ఆపలేదు.

క్లాసిక్‌కు ముందు 300 మిల్లీమీటర్ల డిస్క్, ఏబీఎస్. వెనక చక్రానికి వెర్షన్‌ను బట్టి డిస్క్ లేదా డ్రమ్. కొన్ని చవక వెర్షన్లలో ఏబీఎస్ ముందు చక్రానికే ఉంటుంది, మిగతావాటికి రెండింటికీ. చక్రం బిగుసుకోబోతున్నట్టు సెన్సర్ పసిగట్టగానే ఏబీఎస్ బ్రేకును క్షణక్షణం వదిలి పడుతుంది. ఆ పని చేతితో చేయడానికి పాతకాపులకే ఏళ్ళు పడుతుంది. కుక్క అడ్డం వచ్చినప్పుడు కొత్తవారు బ్రేకు మొత్తం పిండేస్తారు. ఏబీఎస్ ఉంటే చక్రం తిరుగుతూనే ఉంటుంది, హ్యాండిల్ మాట వింటుంది. లేకపోతే ముందు చక్రం జారిన మరుక్షణం మనిషి రోడ్డు మీద ఉంటాడు. ఏబీఎస్ ఇసుకలో అద్భుతాలు చేయదు, దూరాన్ని మాయం చేయదు. కానీ కొత్తవారు చేసే తప్పుల్లోకెల్లా ప్రాణాంతకమైనదాన్ని అది చాలావరకు మింగేస్తుంది.

ఇది కంపెనీల గుణదోషం మాత్రమే కాదు, నిబంధన గీసిన గీత. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125 సీసీ, అంతకు తక్కువ వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటుంటే చాలన్నారు. ధర పెరగకూడదన్న ఆలోచన అందులో ఉంది, అది అర్థం చేసుకోదగ్గదే. ఫలితం మాత్రం తలకిందులైంది. ఎక్కువమంది మొదటిసారి ఎక్కే బండికి తక్కువ బ్రేకు, చేయి తిరిగాక కొనుక్కునే బండికి మంచి బ్రేకు. ఓర్పులో మిగతా అన్ని లెక్కల్లో నెగ్గిన బండి ఈ ఒక్క లెక్కలో ఓడిపోవడం ఈ తులనలో నాకు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకునే విషయం. స్ప్లెండర్‌లోనే ఎక్స్‌టెక్ రకంలో ముందు డిస్క్ ఉన్న వెర్షన్ వచ్చింది. దానికి ఏబీఎస్ లేదు కానీ ఆపే బలం, లివర్ మీద పట్టు మెరుగు. కొత్తవారికి కొనేటప్పుడు ఆ అదనపు డబ్బు దగ్గర పిసినారితనం తగదు.

ఎక్కడ నడుపుతారు?

ఎన్‌ఫీల్డ్ వైపు నుంచి తరచుగా వినిపించే వాదన హైవే. స్ప్లెండర్ సుఖం గంటకు 50, 60 కిలోమీటర్ల దగ్గర అయిపోతుంది. విజయవాడ హైవే మీద పక్కనుంచి బస్సు దూసుకుపోతే ఆ గాలికి బండి ఊగుతుంది. లారీని దాటాలంటే పికప్ చాలదు, ఎదుటి వాహనం ఎంత దూరంలో ఉందో రెండుసార్లు చూసుకోవాలి. క్లాసిక్ 80 దగ్గర హాయిగా సాగుతుంది, బస్సు గాలికి బెదరదు. ఇందులో అబద్ధం లేదు.

అయితే కొత్తవారు ఏ రోడ్డు మీద ఎక్కువ తిరుగుతారన్నదే అసలు ప్రశ్న. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికీ, పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే మీదికీ ద్విచక్ర వాహనాలను రానివ్వరు. మిగిలేది అమీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్, కాలేజీ పార్కింగ్, మెట్రో పిల్లర్ల కింది యూటర్న్‌లు. విజయవాడ బీసెంట్ రోడ్డు సందుల్లో అయినా, ఏ మండల కేంద్రం సంతలో అయినా బండి నిమిషానికోసారి ఆగాలి, కదలాలి. క్లాసిక్ బరువు ఎక్కువ బాధపెట్టేదీ, స్ప్లెండర్ తేలికదనం ఎక్కువ కలిసొచ్చేదీ ఇక్కడే. అరకు ఘాట్, శ్రీశైలం ఘాట్ మలుపుల్లో క్లాసిక్ సొగసు చెప్పనక్కర్లేదు. మలుపు తిరగడం ఎలాగో రానివారు ముందు ఆ ఘాట్ ఎక్కకూడదు. హైవే కోసం మొదటి బండి కొనడమంటే నేర్చుకోకముందే చేయకూడని పనికి సిద్ధం కావడమే.

పల్లెల్లో లెక్క మరీ సూటిగా ఉంటుంది. పాల క్యాన్లు, గడ్డి మోపు, ఎరువు బస్తా స్ప్లెండర్‌కు అలవాటైన సామాను. బురదలో ఇరుక్కుంటే ఒక్కరే లాక్కొని రాగలరు.

డబ్బు

షోరూం ధరలో స్ప్లెండర్ 75 వేల ప్రాంతంలో మొదలవుతుంది, క్లాసిక్ లక్షా 80 వేలు దాటుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకూ బళ్ళకు జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, దాని పైవాటికి 40 అయింది. క్లాసిక్ 349 సీసీ కావడంతో గీతకు ఇవతలే ఉండిపోయింది. పన్ను రేటు రెంటికీ ఒకటే, కాబట్టి నిష్పత్తిలో తేడా అలాగే నిలిచింది.

ధర తర్వాత వచ్చే ఖర్చుల గురించి ఇళ్ళలో తక్కువ మాట్లాడుకుంటారు. కొత్త బండికి అయిదేళ్ళ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు 2018 నుంచి తప్పనిసరి. 2022లో నిర్ణయించిన రేట్లలో 75 నుంచి 150 సీసీ వరకూ 3,851 రూపాయలు, 150 నుంచి 350 సీసీ వరకూ 7,365 రూపాయలు. పెట్రోలు లీటరు 107 రూపాయలనుకుని, నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు 60 ఇచ్చే స్ప్లెండర్‌కు దాదాపు 1,780 రూపాయలు పడుతుంది. 35 ఇచ్చే క్లాసిక్‌కు 3,060 దాకా అవుతుంది. ఏడాదికి తేడా 15 వేలు. చదువుకునే పిల్లలకు అది చిన్న మొత్తం కాదు.

కొత్తవారి బండికి ఇంకో ఖర్చు ఖాయం. అది పడుతుంది. ఇండికేటర్ పగులుతుంది, లివర్ విరుగుతుంది, లెగ్ గార్డ్ వంగుతుంది. స్ప్లెండర్ సామాను ప్రతి చిన్న ఊరిలో దొరుకుతుంది, చెట్టు కింద మెకానిక్ కూడా దాన్ని కళ్ళు మూసుకుని విప్పగలడు. క్లాసిక్ భాగాలకు ధర ఎక్కువ, తెలిసిన మెకానిక్ కోసం పట్నం వెళ్ళాలి. పైగా నిగనిగలాడే ట్యాంకు మీద పడిన గీత యజమాని గుండె మీద పడుతుంది. బండికి గీత పడుతుందన్న భయం ఉన్నవారు స్వేచ్ఛగా నేర్చుకోలేరు. రెండోచేతి స్ప్లెండర్‌కు ఉన్న గొప్ప సుగుణం, ముందే గీతలు పడి ఉండడం.

మోజు సంగతి

ఇన్ని లెక్కలు చెప్పినా యువకుల మనసు ఎన్‌ఫీల్డ్ మీదే ఉంటుంది. దాన్ని వెక్కిరించడం నాకిష్టం లేదు. మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట 2021లో పెళ్ళి పందిళ్ళ దాకా పాకింది. ఇష్టపడిన బండిని మనుషులు కడుగుతారు, చైన్‌కు నూనె పెడతారు, టైర్ల గాలి చూస్తారు. ఇష్టం లేని బండికి సర్వీసు తేదీ కూడా గుర్తుండదు. ఇష్టం కూడా భద్రతలో ఒక భాగమే.

అదే ఇష్టానికి ఇంకో కొస ఉంది. ఎన్‌ఫీల్డ్ కొన్నవారికి స్నేహితులతో గుంపుగా లంబసింగికో అనంతగిరికో వెళ్ళాలనిపిస్తుంది, పిలుపులూ వస్తాయి. గుంపులో కొత్తవారు తమ చేతికి తగ్గ వేగంలో కాక, ముందున్నవారి వేగంలో పోతారు. స్ప్లెండర్ ఉన్నవారిని ఆ గుంపులోకి ఎవరూ పిలవరు. ఒక విధంగా అదీ మంచికే.

తీర్పు

మొత్తం చూస్తే, స్ప్లెండర్ తప్పును తేలిగ్గా తీసుకునే బండి, ఒక్క బ్రేకులో తప్ప. క్లాసిక్ బ్రేకులో ఆదుకునే బండి, నిలబడినప్పుడు తప్ప. అందుకే క్లాసిక్ చెడ్డ బండి అని నేను అనను. అది మంచి రెండో బండి, మొదటి బండిగా అమ్ముడుపోతోంది. స్ప్లెండర్ మంచి మొదటి బండి, చాలామంది దాన్నే చివరి బండిగా కూడా నడుపుతున్నారు.

మన ఇళ్ళలో కొన్న మొదటి బండి, నేర్చుకున్న మొదటి బండి చాలాసార్లు ఒకటి కాదు. నాన్న స్ప్లెండర్ మీదో, మామయ్య ప్యాషన్ మీదో ఊరి మైదానంలో తిరిగాకే సొంత బండి వస్తుంది. ఆ చదువు నిజంగా అయినవారికి, అంటే ట్రాఫిక్‌లో, వర్షంలో, రాత్రిపూట కూడా కొన్ని నెలలు నడిపినవారికి, ఎత్తూ స్తోమతూ ఉంటే క్లాసిక్ కొనడంలో తప్పు లేదు. వారు రెండు చక్రాలకూ ఏబీఎస్ ఉన్న రకమే తీసుకోవాలి. కాలి అలవాటు మారేదాకా రోడ్డెక్కకూడదు. గేరు బండి అసలు ముట్టనివారికి మాత్రం స్ప్లెండర్, వీలైతే ముందు డిస్క్ ఉన్నది. రెండు బళ్ళ మంచినీ కలిపి కోరేవారికి మధ్యలో దారి ఏర్పడింది. హీరో కంపెనీయే 2024లో తెచ్చిన ఎక్స్‌ట్రీమ్ 125ఆర్ బరువు 136 కిలోలు, దానిలో ముందు చక్రానికి ఏబీఎస్ ఉన్న రకం దొరుకుతుంది. చట్టం అడగకపోయినా చిన్న బండికి మంచి బ్రేకు పెట్టవచ్చని అది రుజువు చేసింది. కొనేవారు అడగడం మొదలుపెడితే మిగతావీ వస్తాయి.

ఏది కొన్నా ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, ఆ తర్వాత కనీసం నెల రోజులు నేర్చుకుని, అప్పుడు టెస్టుకు వెళ్ళాలి. బండి బడ్జెట్‌లోంచే ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ డబ్బు ముందుగా తీసి పక్కన పెట్టాలి. చేయి బాగా తిరిగేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకూడదు.

షోరూంలో సంతకం పెట్టేముందు మూడు పనులు చేయండి. ఇంజను ఆపి, బండి మీద కూర్చుని, కాళ్ళతో పది అడుగులు వెనక్కి నెట్టండి. దిగి, పెద్ద స్టాండు మీద వేసి, దించండి. ట్రయల్‌కు ఇచ్చిన బండిని ఖాళీ సందులో కాలు దించకుండా వెనక్కి తిప్పండి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేయలేకపోయినా ఆ బండిని మరో ఏడాదికి వాయిదా వేసి, చేయగలిగిన బండికి అడ్వాన్స్ ఇవ్వండి.